పట్టికలో ఒక గడి: ప్రభుత్వ సైబర్ భద్రత ఉద్యోగాలూ, మన సర్టిఫికేషన్లూ

అమెరికా రక్షణ శాఖ నెట్‌వర్క్‌ల మీద పని చేసేవారిని "మీ ఉద్యోగం ఏమిటి?" అని అడిగితే చాలాకాలం పాటు ఒక వింత జవాబు వచ్చేది. "నేను ఐఏటీ టూ" అనేవారు. నెట్‌వర్క్‌లోకి వచ్చిపోయే సమాచారాన్ని వడకట్టే ఫైర్‌వాల్ చూసేవారూ అదే అనేవారు, సర్వర్లకు ప్యాచ్‌లు వేసేవారూ అదే అనేవారు. అది ఏ పనికీ పేరు కాదు, ఒక పట్టికలోని గడికి పేరు. ఆ గడికి ఎదురుగా కొన్ని సర్టిఫికేషన్లు రాసి ఉండేవి. వాటిలో ఏదో ఒకటి చేతిలో ఉన్న మనిషి ఆ గడికి సరిపోయినట్టు లెక్క. నేను మేరీల్యాండ్‌లో పదిహేనేళ్ళుగా ఈ రంగంలో కాంట్రాక్టరుగా పని చేస్తున్నాను. ఆ పట్టిక నాకు అన్నం పెట్టింది, ఒకసారి నా చేతిలోని పనిని తీసుకుని ఇంకొకరికి ఇచ్చింది. అందువల్ల దాని మంచిచెడ్డల గురించి కొంత వివరంగా, కొంత గట్టిగా చెప్పాలనుకుంటున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఇది. ప్రభుత్వ ఉద్యోగ పాత్రకు ఒక సర్టిఫికేషన్‌ను జత చేయడం అవసరమే, కాని ఆ జత మనిషిని గుమ్మం దాకా మాత్రమే తీసుకొస్తుంది. ఆ మనిషి ఆ చోట, ఆ నెట్‌వర్క్ మీద, ఆ పని చేయగలడో లేదో పక్కన కూర్చుని చూసి నిర్ధారించడం అనే రెండో సగం ఒకటుంది. అది నిబంధనల్లో మొదటి నుంచీ ఉంది. దాన్ని అందరమూ కలిసి తేలికగా వదిలేశాం, ఇప్పుడు కొత్త నిబంధనలు వచ్చాక కూడా వదిలేస్తామేమోనని నా భయం.

ఈ కథ 2004 ఆగస్టులో మొదలైంది. ఆ నెలలో రక్షణ శాఖ 8570.01 అనే డైరెక్టివ్‌ను జారీ చేసింది. 2005 డిసెంబరులో దాన్ని అమలు చేసే విధానాన్ని వివరిస్తూ 8570.01-ఎం అనే మాన్యువల్ వచ్చింది. మనం పట్టిక అని పిలుచుకునేది ఆ మాన్యువల్ నుంచి వచ్చిందే. సిస్టమ్‌లపై ప్రత్యేక అధికారాలతో పని చేసే సాంకేతిక సిబ్బందిని ఐఏటీ అన్నారు, నిర్వహణ బాధ్యతలున్నవారిని ఐఏఎం అన్నారు, రెండింటికీ మూడేసి స్థాయిలు పెట్టారు. తర్వాత వ్యవస్థల రూపకర్తలకు ఐఏఎస్‌ఏఈ అనే వర్గం, దాడులను కనిపెట్టి ఎదుర్కొనే బృందాలకు ఇప్పుడు సీఎస్‌ఎస్‌పీ అని పిలిచే వర్గం చేరాయి. సాంకేతిక సిబ్బందిలో మొదటి స్థాయివారు విడి కంప్యూటర్ల స్థాయిలో, రెండో స్థాయివారు నెట్‌వర్క్ స్థాయిలో, మూడో స్థాయివారు అనేక నెట్‌వర్క్‌లు కలిసిన ఎన్‌క్లేవ్ స్థాయిలో పని చేస్తారని లెక్క. మొదటి స్థాయికి ఏ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్ లాంటివి సరిపోయేవి. రెండో స్థాయికి సెక్యూరిటీ ప్లస్, ఎస్‌ఎస్‌సీపీ, జీసెక్ లాంటివి. మూడో స్థాయికి సీఐఎస్‌ఎస్‌పీ, సీఐఎస్‌ఏ, జీసీఐహెచ్ లాంటివి కావలసి ఉండేవి.

ఈ ఏర్పాటులోని మంచిని ముందు ఒప్పుకోవాలి. రక్షణ శాఖలో సైబర్ పనులు చేసే సైనికులు, పౌర ఉద్యోగులు, కాంట్రాక్టర్లు అందరూ కలిసి సుమారు 2,25,000 మంది ఉంటారని అధికారులు చెబుతుంటారు. అంత పెద్ద సంఖ్యలో మనుషులు, అన్ని దేశాల్లోని స్థావరాల్లో, అధికారాలున్న ఖాతాలతో పని చేస్తున్నప్పుడు, కనీసం వీరందరికీ పాస్‌వర్డ్‌ను ఎలా దాస్తారో, ఎన్‌క్రిప్షన్‌కూ హ్యాషింగ్‌కూ తేడా ఏమిటో తెలుసు అని నమ్మకంగా చెప్పగలగడం చిన్న విషయం కాదు. పట్టికలోకి రావాలంటే ఆ సర్టిఫికేషన్‌కు, మనుషులకు సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థలకు వర్తించే ఐఎస్‌ఓ 17024 ప్రమాణం ప్రకారం గుర్తింపు ఉండాలన్న షరతు కూడా మేలే చేసింది. అంతకుముందు సెక్యూరిటీ ప్లస్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లేది. 2011 జనవరి 1 నుంచి పాసైనవారు మూడేళ్ళకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాల్సి వచ్చింది. ఒకసారి చదివి మరిచిపోయే చదువుకు ఈ రంగంలో విలువ లేదు కాబట్టి ఆ మార్పు న్యాయమైనదే.

ఇక నా అనుభవం. నేను 1998లో హెచ్-1బీ మీద వచ్చాను, 2009లో పౌరసత్వం తీసుకున్నాను, ఆ మరుసటి ఏడాది క్లియరెన్స్ (రహస్య సమాచారం ఉన్న చోట పని చేసే ప్రభుత్వ అనుమతి) వచ్చాక ఒక ప్రభుత్వ కాంట్రాక్టులో చేరాను. అప్పటికే పదేళ్ళకు పైగా ప్రైవేటు కంపెనీల్లో నెట్‌వర్క్ పని చేసి ఉన్నాను. కొత్త చోట మూడేళ్ళు ఫైర్‌వాల్‌లు చూశాను. 2013లో ఆ కాంట్రాక్టు గడువు ముగిసి మళ్ళీ టెండరుకు వెళ్ళింది. మా ప్రపంచంలో ఇది మామూలే: కంపెనీ మారుతుంది, కుర్చీలు మారవు, మెడలోని బ్యాడ్జి రంగు మారుతుంది. కాని ఈసారి కాంట్రాక్టు పత్రంలో నా కుర్చీకి ఎదురుగా ఐఏటీ త్రీ అని రాశారు. నా దగ్గర ఉన్నది సెక్యూరిటీ ప్లస్, అంటే ఐఏటీ టూ. ప్రభుత్వ ఉద్యోగులకైతే ఆ మాన్యువల్ ప్రకారం బాధ్యతలు తీసుకున్నాక సర్టిఫికేషన్ తెచ్చుకోవడానికి ఆరు నెలల గడువు ఉండేది. కాంట్రాక్టర్లకు ఆ గడువు లేదు. మొదటి రోజుకే చేతిలో కాగితం ఉండాలి. కొత్త కంపెనీ నన్ను అదే భవనంలో, అదే నెట్‌వర్క్ మీద, కింది స్థాయి సపోర్టు పనికి మార్చింది. జీతం తగ్గింది. ఆ సంవత్సరం మా పెద్దవాడు కాలేజీలో చేరాడు కాబట్టి ఆ తగ్గుదల ఎంతో ఇప్పటికీ డాలర్లతో సహా గుర్తుంది.

నా స్థానంలోకి వచ్చిన అబ్బాయి గుంటూరు వైపువాడు, సీఐఎస్‌ఎస్‌పీ ఉంది, అప్పటిదాకా చేసిందంతా భద్రతా విధానాల పత్రాలు రాయడం, ఆడిట్‌లకు సమాధానాలు సిద్ధం చేయడం. ఆ పనిలో దిట్ట. ఫైర్‌వాల్ కన్సోల్ ముందు మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. మొదటి వారంలోనే మెల్లగా నా బల్ల దగ్గరికి వచ్చి, "అన్నా, ఈ రూల్ తీసేస్తే ఏమవుతుంది? లాగ్‌లలో చూస్తే దీన్ని ఎవరూ వాడినట్టు లేదు" అని అడిగాడు. అది సంవత్సరానికి ఒకసారి, ఆర్థిక సంవత్సరం చివర, ఒక లెక్కల సర్వరు వేరే చోటికి ఫైళ్ళు పంపడానికి వాడే దారి. లాగ్‌ల నిల్వ గడువు అంతకంటే తక్కువ కాబట్టి రికార్డులో దాని జాడ కనిపించదు. "తీయకు తమ్ముడూ, సెప్టెంబరు ఆఖరులో దాని అవసరం తెలుస్తుంది" అన్నాను. అతను అడగడానికి సిగ్గుపడలేదు, అది అతని గొప్పతనం. ఆ ఏడాదంతా అతను ఎన్‌క్లేవ్ స్థాయి ఇంజనీరు, నేను సపోర్టు ఉద్యోగిని. పట్టిక ప్రకారం ఇద్దరమూ సరైన గడుల్లోనే ఉన్నాం.

దీన్ని నేను వ్యక్తిగతమైన గాయంగా చెప్పడం లేదు. ఆ పట్టిక నిర్మాణంలోనే ఉన్న లోపం అక్కడ కనిపించింది. సీఐఎస్‌ఎస్‌పీ ఐఏటీ మూడో స్థాయికి చెల్లుతుంది, ఐఏఎం రెండు, మూడు స్థాయిలకు చెల్లుతుంది, ఐఏఎస్‌ఏఈ మొదటి రెండు స్థాయిలకు చెల్లుతుంది. పై స్థాయి సర్టిఫికేషన్ కింది స్థాయిలను కూడా కప్పేస్తుందన్న నియమం ఉంది. మొత్తం కలిపితే ఒకే పరీక్ష ఎనిమిది గడులను నింపేది. ఎనిమిది గడులకు ఒకే తాళంచెవి సరిపోయినప్పుడు ఆ గడుల మధ్య తేడా ఏమిటో చెప్పే బాధ్యత సర్టిఫికేషన్ తీసుకోలేదు. నియమించే కంపెనీకి మాత్రం అది ఎంతో సౌకర్యం: ఒక సీఐఎస్‌ఎస్‌పీని తీసుకుంటే ఏ గడిలోనైనా కూర్చోబెట్టవచ్చు.

నేను కూడా 2014లో సీఐఎస్‌ఎస్‌పీ రాశాను. అప్పట్లో అది 250 ప్రశ్నలు, ఆరు గంటల పరీక్ష. నాలుగు నెలలు తెల్లవారుజామున లేచి చదివాను. ఆ చదువు వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నష్టాన్ని ఎలా అంచనా వేయాలో, ఒక భద్రతా నియంత్రణకు పెట్టే ఖర్చు దేనితో పోల్చి చూడాలో, సర్వరు గదిలో మంటలార్పే ఏర్పాటు కూడా సమాచార భద్రతే ఎందుకవుతుందో నాకు అంతకుముందు ఒక చోట కూర్చి ఎవరూ చెప్పలేదు. ఆ సర్టిఫికేషన్‌కు ఆ పరీక్షలోని డొమైన్లలో, అంటే విషయ విభాగాల్లో, కనీసం రెండింటిలో కలిపి ఐదేళ్ళ అనుభవం ఉండాలన్న షరతు కూడా మంచిదే. అయితే పరీక్ష పాసైన మరునాడు ఫైర్‌వాల్ గురించి నాకు అంతకుముందు తెలియనిది ఒక్క ముక్క కూడా అదనంగా తెలియలేదు. కాని ఆ మరునాడే నేను ఐఏటీ త్రీ అయ్యాను.

పట్టికకు ఉన్న రెండో లోపం వేగం. పరికరాలూ, దాడులూ నెలల్లో మారతాయి. పట్టికలో ఒక పేరు చేరాలన్నా తీసేయాలన్నా ఏళ్ళు పట్టేది. సిస్కో తన సీసీఎన్‌ఏ సెక్యూరిటీ పరీక్షను 2020 ఫిబ్రవరిలో ఆపేసింది, ఆ తర్వాత కూడా ఆ పేరు పట్టికలో కనిపిస్తూనే ఉండేది. మరోవైపు, ఓఎస్‌సీపీ అనే పరీక్ష ఉంది. అందులో బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండవు; దాదాపు 24 గంటల పాటు నిజమైన యంత్రాల్లోకి చొరబడి, తర్వాత నివేదిక రాసి పంపాలి. చొరబాటు పరీక్షలు చేసే బృందాల్లో దానికున్న గౌరవం అంతా ఇంతా కాదు. 8570 పట్టికలో అది ఎప్పుడూ లేదు. గుర్తింపు నియమాల కారణంగానే లేదని నాకు తెలుసు, ఆ నియమాలు ఎందుకు ఉన్నాయో పైన నేనే చెప్పాను. అయినా చేతితో చేసి చూపించే పరీక్ష బయట ఉండి, గడిలో టిక్ పెట్టే పరీక్ష లోపల ఉండటం ఆ పని చేసేవాళ్ళకు ఎంత వెలితిగా ఉండేదో చెప్పక తప్పదు.

ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. 8570 మాన్యువల్ సాంకేతిక సిబ్బందిని సర్టిఫికేషన్ ఒక్కటే అడగలేదు. వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌కో పరికరానికో సంబంధించిన రెండో ధ్రువపత్రం అడిగింది. ఉద్యోగంలో ఉండగా పని చేయించి చూసి చేసే మదింపు కూడా ఉండాలంది. అంటే గుంటూరు తమ్ముడిని ఆ కన్సోల్ ముందు కూర్చోబెట్టి, ఎవరో ఒకరు పక్కన నిలబడి, చేయగలడని సంతకం పెట్టాలని రాసే ఉంది. నేను పని చేసిన చోట్ల ఉద్యోగ ప్రకటనల్లో ఆ షరతు కనిపించేది కాదు, ఇంటర్వ్యూల్లో వినిపించేది కాదు. సర్టిఫికేషన్‌కు ఒక నంబరు ఉంటుంది, వెబ్‌సైటులో సరిచూడవచ్చు, ఎక్సెల్ షీటులో ఒక వరుసగా చేర్చి పై అధికారికి పంపవచ్చు. మదింపుకు ఒక అనుభవజ్ఞుడి సమయం కావాలి, ఆ సమయానికి కాంట్రాక్టులో బిల్లు వేసే వీలు ఉండదు. లెక్కించడానికి సులువైనది మిగిలింది, కష్టమైనది పక్కకు పోయింది.

ఇదంతా ప్రభుత్వానికి తెలియక కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 ఆగస్టులో నైస్ ఫ్రేమ్‌వర్క్‌ను 800-181 అనే ప్రచురణగా విడుదల చేసింది. అందులో సైబర్ భద్రత పనిని 7 వర్గాలుగా, 33 ప్రత్యేక విభాగాలుగా, 52 ఉద్యోగ పాత్రలుగా విడదీశారు. ప్రతి పాత్రకూ చేయాల్సిన పనులు ఏమిటి, తెలిసి ఉండాల్సిన విషయాలు ఏమిటి, ఉండాల్సిన నైపుణ్యాలు ఏమిటి అని విడివిడిగా రాశారు. 2015లో అమెరికా సిబ్బంది నిర్వహణ కార్యాలయం నుంచి 2 కోట్ల 15 లక్షల మంది నేపథ్య వివరాలు దొంగిలింపుకు గురైనట్టు బయటపడింది. అదే ఏడాది చివర కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం ఫెడరల్ కార్యాలయాలన్నీ తమ సైబర్ ఉద్యోగాలను గుర్తించి, ఒక్కొక్కదానికీ పాత్రను సూచించే మూడంకెల కోడ్ వేయాల్సి వచ్చింది. రక్షణ శాఖ తన సొంత అవసరాలకు డీసీడబ్ల్యూఎఫ్ అనే చట్రాన్ని తయారుచేసుకుంది. అందులో 451 అంటే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, 511 అంటే సైబర్ డిఫెన్స్ అనలిస్టు, 531 అంటే దాడి జరిగినప్పుడు రంగంలోకి దిగే ఇన్సిడెంట్ రెస్పాండరు, 612 అంటే భద్రతా నియంత్రణలను పరీక్షించే అసెసరు. మా కాంట్రాక్టు పత్రాల్లో మొదటిసారి ఈ కోడ్‌లు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. ఎవరైనా నన్ను ఏం చేస్తావని అడిగితే చెప్పడానికి మొదటిసారి ఒక పని పేరు దొరికింది.

నిబంధనల మార్పు మాత్రం నత్తనడక నడిచింది. 2015 ఆగస్టులో 8140.01 డైరెక్టివ్ వచ్చి 8570.01ని రద్దు చేసింది, కాని పట్టిక ఉన్న మాన్యువల్ అలాగే అమల్లో ఉండిపోయింది. వేరు నరికిన చెట్టు ఇంకా ఏడున్నరేళ్ళు కాపు కాసినట్టయింది. చివరికి 2023 ఫిబ్రవరి 15న 8140.03 మాన్యువల్ వచ్చి ఆ పాత మాన్యువల్‌ను తొలగించింది. సైబర్ భద్రత విభాగంలో ఉన్నవారికి పునాది అర్హత కోసం 2025 ఫిబ్రవరి 15 వరకూ, ఐటీ తదితర విభాగాల్లోని వారికి ఇంకొక ఏడాదీ గడువు పెట్టింది.

కొత్త మాన్యువల్‌లో నాకు నచ్చినది దాని నిర్మాణం. అర్హతను అది రెండు భాగాలు చేసింది. మొదటిది పునాది అర్హత: దీన్ని చదువుతోనో, గుర్తించిన శిక్షణతోనో, సర్టిఫికేషన్‌తోనో, మూడింటిలో ఏదో ఒకదానితో సాధించవచ్చు. కంప్యూటర్ సైన్సులో తగిన డిగ్రీ ఉన్న మనిషి మళ్ళీ పరీక్ష ఫీజు కట్టాల్సిన అవసరం చాలా పాత్రల్లో లేకుండా పోయింది. రెండోదాన్ని నివాస అర్హత అనవచ్చునేమో. డాక్టర్లు చదువయ్యాక ఆసుపత్రిలో ఉండి చేసే రెసిడెన్సీ లాంటిది. ఆ మనిషి తన కుర్చీలో, తన సిస్టమ్‌ల మీద, తన పాత్రకు సంబంధించిన పనులు చేయగలడని పర్యవేక్షకుడు చూసి నిర్ధారించాలి. ఇది అన్ని పాత్రలకూ తప్పనిసరి. ప్రతి పాత్రకూ ప్రాథమిక, మధ్యమ, ఉన్నత అని మూడు స్థాయిలు ఉన్నాయి. ఆపైన ఏడాదికి కనీసం 20 గంటల చదువు కొనసాగాలి. సర్టిఫికేషన్ ఇక్కడ దాని సరైన చోటికి వచ్చింది: మూడు దారుల్లో ఒక దారి, రెండు భాగాల్లో మొదటి భాగం.

కాని ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే ఉద్యోగ ప్రకటనల్లో, రెజ్యూమెల్లో "8570 ఐఏటీ టూ" అన్న మాట కనిపిస్తూనే ఉంది. దీనికి హైరింగ్ మేనేజర్లను మాత్రమే తప్పుపట్టలేను. కాంట్రాక్టరు మొదటి రోజుకే పునాది అర్హతతో రావాలన్న షరతు కొత్త మాన్యువల్‌లోనూ ఉంది. రెండు వందల రెజ్యూమెలు వచ్చినప్పుడు డిగ్రీ సిలబస్ ఈ పాత్రకు సరిపోతుందా, ఏ శిక్షణ గుర్తింపు పొందినది అని తేల్చడం కంటే సెక్యూరిటీ ప్లస్ ఉందా లేదా అని చూడటం వారికి సులువు. అలా మూడు దారులు మళ్ళీ ఒక దారిగా కుదించుకుపోతున్నాయి. ఆ దారి పక్కన పెద్ద వ్యాపారం ఉంది. సెక్యూరిటీ ప్లస్ పరీక్షను తెచ్చిన, ఎన్నో ఏళ్ళుగా లాభాపేక్ష లేని సంఘంగా ఉన్న కాంప్‌టియా తన సర్టిఫికేషన్, శిక్షణ వ్యాపారాన్ని హెచ్.ఐ.జి. క్యాపిటల్, థోమా బ్రావో అనే పెట్టుబడి సంస్థలకు అమ్ముతున్నట్టు 2024 నవంబరులో ప్రకటించింది. ప్రభుత్వ నిబంధనలో ఒక పరీక్ష పేరు ఉండటానికి మార్కెట్టు ఎంత విలువ కడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పరీక్ష రాసేవాళ్ళలో చాలామంది తమ జేబు నుంచి ఫీజు కడతారు, మూడేళ్ళకోసారి పునరుద్ధరణకూ వాళ్ళే కట్టుకుంటారు.

మన పిల్లల గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఏడాదీ నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ వారివే. హైదరాబాదు, విజయవాడ, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ సైబర్ భద్రతలో మాస్టర్స్ చేస్తున్న పిల్లలు "అంకుల్, సెక్యూరిటీ ప్లస్ చేశాను, సీఈహెచ్ కూడా చేశాను, గవర్నమెంటు సైడు ఏమైనా చూస్తారా?" అని అడుగుతారు. ఆ ఫీజుల కోసం ఇంట్లో ఎవరో పంట డబ్బో, బంగారమో కదిపి ఉంటారని నాకు తెలుసు కాబట్టి జవాబు చెప్పడం కష్టంగా ఉంటుంది. ఫెడరల్ ప్రభుత్వపు సాధారణ ఉద్యోగాలు 1976 నాటి అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం అమెరికా పౌరులకే పరిమితం. క్లియరెన్స్ కూడా, చాలా అరుదైన మినహాయింపులు తప్ప, పౌరులకే. విద్యార్థి వీసా మీదో, చదువయ్యాక కొంతకాలం పని చేయనిచ్చే ఓపీటీ మీదో, హెచ్-1బీ మీదో ఉన్న మనిషికి పట్టికలోని అన్ని సర్టిఫికేషన్లూ ఉన్నా ఆ తలుపు తెరుచుకోదు. నాకు గ్రీన్ కార్డు దాటి పౌరసత్వం వచ్చేసరికి పదకొండేళ్ళు పట్టింది. ఇప్పటి పిల్లల క్యూ అంతకంటే ఎంతో పొడవు. ఈ మాట శిక్షణ అమ్మేవారు ముందే చెప్పాలి. సర్టిఫికేషన్‌ను "ప్రభుత్వ ఆమోదం పొందినది" అని ప్రకటించి, ఆ ప్రభుత్వం ఎవరిని తీసుకుంటుందో చెప్పకుండా దాచడం నా దృష్టిలో అన్యాయం.

అయితే వారికి పనికొచ్చే భాగం ఒకటుంది. నైస్ ఫ్రేమ్‌వర్క్ ఉచితంగా దొరుకుతుంది, అది పౌరసత్వం అడగదు. బ్యాంకులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు కూడా ఆ పాత్రల భాషలోనే ఆలోచించడం మొదలుపెట్టాయి. నాకు ఫోన్ చేసిన ప్రతి పిల్లవాడితోనూ, ప్రతి పిల్లతోనూ ఒకే పని చేయిస్తాను: పరీక్ష పేరు కాసేపు పక్కనపెట్టి, ఆ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక పాత్రను ఎంచుకుని, దాని కింద రాసిన పనుల్లో ఏవి ఇవాళ చేసి చూపించగలరో, ఏవి చేయలేరో గుర్తు పెట్టమంటాను. చాలామందికి ఆ జాబితా చదివాకే తాము కోరుకునేది అనలిస్టు పనా, అసెసరు పనా అన్నది మొదటిసారి తడుతుంది. రెండూ వేర్వేరు స్వభావాలున్న మనుషులు చేసే పనులు. ఒకదానికి రాత్రి మూడింటికి అనుమానం రావాలి, ఇంకోదానికి నాలుగు వందల పేజీల పత్రంలో పొంతన లేని వాక్యం కనబడాలి. ఏది కావాలో తేలాక పరీక్ష పేరు దానంతట అదే తేలుతుంది, కొన్నిసార్లు ఏ పరీక్షా అక్కర్లేదని కూడా తేలుతుంది.

భారతదేశంలోనూ ఈ ప్రశ్న ఉంది, రూపం వేరు. ప్రభుత్వ సంస్థల సిస్టమ్‌లను ఆడిట్ చేయడానికి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ కొన్ని సంస్థలను ఎంపిక చేసి జాబితాలో పెడుతుంది. ఆ సంస్థల సామర్థ్యాన్ని తెలిపే పత్రంలో సీఐఎస్‌ఎస్‌పీలు ఎందరు, ఐఎస్‌ఓ 27001 లీడ్ ఆడిటర్లు ఎందరు, సీఐఎస్‌ఏలు ఎందరు అని తలల లెక్క ఉంటుంది. అదే పత్రంలో ఒక్కొక్క ఉద్యోగికి ఈ రంగంలో ఎన్నేళ్ళ అనుభవం ఉందో రాయాల్సిన చోటు కూడా ఉంటుంది, అది మెచ్చుకోవాలి. కాని ఎవరు ఏ పాత్ర చేస్తారన్నది తలల లెక్కలో తెలియదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనను గమనించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి. ఆ ఆరు గంటల లెక్క మొదలయ్యేది ఎవరో ఒకరు స్క్రీను మీద దాన్ని గుర్తుపట్టినప్పుడు. గుర్తుపట్టాల్సిన ఆ మనిషికి ఏ పాత్ర ఉంది, ఆ పాత్రలో అతన్ని ఎవరు పరీక్షించారు అన్నది అక్కడ కూడా కాగితం మీద కనిపించాలని నా కోరిక.

నివాస అర్హత అంటే ఏమిటో నాకు బాగా అర్థమైన రోజు ఒకటి చెబుతాను. మా బృందంలో ఒక అమ్మాయి 511 పాత్రలో ప్రాథమిక స్థాయిలో చేరింది. సెక్యూరిటీ ప్లస్ మంచి మార్కులతో పాసైంది; ఏ పదం అడిగినా నిర్వచనం తడుముకోకుండా చెప్పేది. రెండో వారం రాత్రి పాళీలో ఒక యంత్రం సరిగ్గా అరవై సెకన్లకోసారి బయటి చిరునామాతో మాట్లాడుతున్నట్టు ఆమెకు కనిపించింది. చొరబడిన ప్రోగ్రాం తన యజమానిని పలకరించే తీరు అచ్చం ఇలాగే ఉంటుందని ఆమె చదువుకుంది. గుండె వేగంగా కొట్టుకుంటూ నన్ను పిలిచింది. చూస్తే అది ఒక కొత్త లైసెన్సు సాఫ్ట్‌వేర్ తన కంపెనీ సర్వరుకు హాజరు వేయించుకోవడం. ఆమె చదివింది తప్పు కాదు, పిలవడమూ తప్పు కాదు. ఈ నెట్‌వర్క్‌కు ఏది మామూలో ఆమెకు ఇంకా తెలియదు, ఏ పరీక్షా అది చెప్పలేదు. అదే వారం ఆమె ఇంకోటి కనిపెట్టింది. మేం ఏళ్ళుగా చూసీ చూడనట్టు వదిలేసిన ఒక సర్వీసు ఖాతా, మనుషులు వాడకూడని ఖాతా, శనివారాలు మనిషి వాడినట్టే లాగిన్ అవుతోంది. దాడి కాదు, ఒక ఉద్యోగి బద్ధకం. అయినా మూసేయాల్సిన రంధ్రమే. పుస్తకం నేర్పిన కన్ను కొత్తగా ఉండటం వల్లే అది ఆమెకు దొరికింది, అలవాటుపడిన మా కళ్ళకు దొరకలేదు. ఆ రోజు నుంచి నేను సర్టిఫికేషన్‌ను తేలిక చేసి మాట్లాడటం మానేశాను.

ఆమె నివాస అర్హత ఫారం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మేం ఈ పాత్రకు రాసుకున్న పనులు పద్నాలుగు. పదమూడింటికి నా సంతకం ఉంది, ప్రతి సంతకం పక్కనా ఏ తేదీన, ఏ సంఘటన మీద చూశానో రాశాను. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది: పాళీ ముగిసేటప్పుడు, నడుస్తున్న సంఘటన గురించి, ఉదయం వచ్చేవారు ఫోన్ చేసి అడగాల్సిన అవసరం లేకుండా అప్పగింత నోటు రాయడం. ఆమె రాసిన మొదటి రెండు నోట్ల మీదా ఉదయం పాళీ నుంచి ఫోన్ వచ్చింది. కంపెనీ నుంచి ఫైలు త్వరగా పూర్తి చేయమని రెండు మెయిళ్ళు వచ్చాయి. పద్నాలుగోదానికి కూడా సంతకం పెట్టేస్తే ఎవరూ అడగరు. గురువారం రాత్రి పదకొండుకు ఆమె పాళీ మొదలవుతుంది. నేనూ వస్తానని చెప్పాను.